ఎల్లాజమ్మ మోకాలి చిప్ప

మా అమ్మ ఎవరి మాటా వినదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. మా ప్రయోగశాలలో పదకొండేళ్ళుగా తలలు పండించుకున్న మహామహులకి ఒక్కరికీ తెలియని సంగతి ఆవిడ మాట వినకపోవడం వల్లే బయటపడింది. బుద్ధిగా వినుంటే మేమంతా ఈపాటికి శాలువాలు కప్పించుకుని ఫొటోలు దిగి ఉండేవాళ్ళం, నాలుగు వేల మోకాళ్ళు పాడై ఉండేవి.

అమ్మ పేరు గరికిన ఎల్లాజమ్మ. విశాఖ రేవు పక్కన చేపల బజారులో ముప్ఫై రెండేళ్ళుగా కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది. ఆ కోతే నన్ను చదివించింది. నా పేరు సత్యవేణి. ఊరికి ఆ చివర కొండవాలులో ఉన్న ఎముకల పరిశోధనశాలలో నడకగది టెక్నీషియన్ని. నడకగది అంటే మరేం లేదు, నేలంతా పలకలు పరిచిన పెద్ద హాలు. ఆ పలకల మీద మనిషి నడుస్తుంటే ఎదుటి గోడ మీది తెరలో ఆ మనిషి కాళ్ళ ఎముకలు కూడా నడుస్తుంటాయి. కొత్తగా చూసినవాళ్ళు భయపడతారు. అమ్మ మొదటిసారి చూసి, "నా ఎముకలు ఇంత సన్నమేటి?" అని నొచ్చుకుంది.

మా డాక్టర్ మధుసూదన పట్నాయక్ గారు కనిపెట్టిన వస్తువు పేరు మొలకచీల. దొడ్డికాళ్ళతో మోకాలు లోపలివైపు అరిగిపోయినవాళ్ళకి, మోకాలి కింద ఎముకలో చిన్న చీలిక చేసి, చిక్కుడుగింజంత చీల పెడతారు. అది ప్రాణమున్న చీల. మనిషి అడుగు వేసినప్పుడల్లా ఆ బరువుకి వెంట్రుకవాసి ఉబ్బుతుంది. ఉబ్బినకొద్దీ చీలిక తెరుచుకుంటుంది, వంకర కాలు తిన్నగా సాగుతుంది. తొంభయ్యో రోజుకి ఆ చీలే ఎముకైపోతుంది. ఈలోగా ఏదైనా తేడా వస్తే ఆపుమందు ఇచ్చి తీసేయొచ్చు. తొంభై దాటాక ఇక దేవుడే దిక్కు.

అప్పటికి రెండు వందల పన్నెండు మందికి పెట్టాం. అమ్మది రెండు వందల పదమూడో కాలు. బతిమాలి చేర్పించింది నేనే.

అరవై నాలుగో రోజున అమ్మని నడకగదికి తీసుకొచ్చాను. తెర మీద తుంటి నుంచి మడమ దాకా పచ్చగీత పడింది. తాడు కట్టి గీసినట్టుంది. వెనకాల నిలబడ్డ కుర్ర డాక్టర్లు చప్పట్లు కొట్టారు. పట్నాయక్ గారి మొహం వెలిగిపోయింది. పెద్దగా మాట్లాడే మనిషి కాదాయన, ఆ రోజు మాత్రం అమ్మ పక్కకి వచ్చి నిలబడ్డారు.

"ఎల్లాజమ్మ గారూ, మా దగ్గర ఇంత చక్కగా సర్దుకున్న కాలు ఇదే. నొప్పి ఉందా?"

"నడకలో నొప్పి లేదు బాబూ. కాలు తిన్నగైపోనాది, కాదన్ను. కానీ కత్తిపీట కాడ కూకోడం అవట్లేదు. చిప్ప కింద ఎవులో రాయెట్టి నూరినట్టుంటంది."

ఆయన నా వంక చూశారు. నేను నేల చూపులు చూశాను. అమ్మ కూర్చుంటోందని నాకూ అప్పుడే తెలిసింది మరి. నేను ఉండేది ల్యాబు క్వార్టర్సులో, ఆవిడ ఉండేది జాలరిపేటలో. రోజూ ఫోన్లో "ఇంటికాడే ఉన్నానే" అని చెప్పేది.

"కింద కూర్చోవద్దని చెప్పాం కదమ్మా," అన్నారు పట్నాయక్ గారు.

"సెప్పినారు. నా చేపలు ఎవులు కోత్తారు మరి? మీరొచ్చి కోత్తారేటి?"

కుర్ర డాక్టర్లు నవ్వు ఆపుకున్నారు. పట్నాయక్ గారు నవ్వలేదు. నన్ను పక్కకి పిలిచి, "నియమం తప్పిన మనిషి చెప్పిన ఇబ్బంది పట్టికలోకి ఎక్కించకు. నడక ఫలితం మాత్రం ఉంచు," అన్నారు. అక్కడితో ఆగలేదు. మరో పదిహేడు రోజుల్లో ఆరోగ్యశాఖ కార్యదర్శి వస్తున్నారట. జిల్లాలో నాలుగు వేల మందికి మొలకచీల పెట్టే పథకానికి సంతకం చేస్తారట. ఆవిడ ముందు నడిచి చూపించాల్సింది మా అమ్మేనట.

ఆ సాయంత్రమే అమ్మని కడిగేద్దామని బజారుకి వెళ్ళాను. నేను నోరు తెరవకముందే పక్క చోటు నూకరత్నం అందుకుంది.

"ఏటే వేణీ, మీ యమ్మ పద్నాలుగో రోజే ఆటో దిగి, కాలు బారసాపుకుని కూకుని ఒక్క చందువ కోసి ఎలిపోయింది. నీకు తెల్దా?"

నాకు తెలియదు కానీ, ఎందుకో మాత్రం వెంటనే అర్థమైంది. మా బజారులో ఒక కట్టుబాటుంది. ఏ చోటైనా వరసగా పదిహేను రోజులు ఖాళీగా ఉంటే, పదహారో రోజు పొద్దున్న ఎవరు ముందు గోనె పరిస్తే వాళ్ళది. ఆ ఇంటి మనిషే రావాలి, కింద కూర్చోవాలి, చేప కొయ్యాలి. నిలబడితే చెల్లదు. కుర్చీ వేసుకుంటే అసలే చెల్లదు. మా అమ్మమ్మ పురిటి పన్నెండో రోజున వచ్చి కూర్చుందట ఆ చోట్లో. నేను పదేళ్ళు నడకగదిలో పనిచేసి, ఇంతమంది మోకాళ్ళు కొలిచి, మా అమ్మకి కూర్చోకపోతే బతుకే లేదన్న సంగతి మర్చిపోయాను. సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

"సరే, కూర్చో చూస్తాను," అన్నాను.

అమ్మ ఎడమ పాదంతో కత్తిపీట పలకని తొక్కిపెట్టి, నెమ్మదిగా గొంతుక్కూర్చుంది. సగం దిగేసరికి పెదవి కరిచింది. నేను బొటనవేలు ఆ మోకాలి చిప్ప మీద వేశాను. వేలమంది చిప్పలు తడిమిన వేలు నాది, కళ్ళు మూసుకుని చెప్పగలను. చిప్ప ఉండాల్సిన చోట లేదు. కిందికి జారి ఉంది. కాలు వంగుతుంటే కింది ఎముక అంచుకి రాసుకుంటోంది. ఆ గరగర నా వేలికి తెలిసింది.

కత్తిపీట పలక మీద తడివేలితో అమ్మకి బొమ్మ గీసి చూపించాను. ఇది కింది ఎముక. ఇక్కడ చీలిక. చీలిక కింద ఈ బొడిపె. చిప్పని కిందికి పట్టి ఉంచే తాడు ఈ బొడిపెకి కట్టి ఉంటుంది. చీల ఉబ్బితే చీలిక పైనున్న ముక్క, దాని మీదున్న కీలు, పైకి లేస్తాయి.

అమ్మ చూసి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"పోటెక్కింది, లంగరు తాడు అంతే ఉంది. పడవ ముక్కు కిందకి లాగేత్తాది. ఇందులో తెలీనిదేటుంది?"

"అదేనే అమ్మా."

"లంగరు కింద నేలకి ఏత్తే అంతే మరి. లేసేదానికే కట్టాల, దాంతోపాటే లేత్తాది." చందువ మొప్పలు లాగి పారేస్తూ అంది. "మీ డాక్టరుకి పడవ తెల్దేటి?"

మర్నాడు పాత పట్టికలన్నీ తీశాను. మా ప్రశ్నావళిలో పదిహేడో ప్రశ్న ఒకటుంది. 'నేల మీద కూర్చోవడంలో ఇబ్బంది ఉందా?' రెండు వందల పన్నెండు మందికీ ఒకటే జవాబు. లేదు. లేదు. లేదు. అన్నీ నేను నొక్కినవే. ఒక్కొక్కరి మొహం గుర్తొచ్చింది. "కూర్చుంటున్నారా?" అని అడిగితే అందరూ ఒకే మాట చెప్పారు. "అయ్యో, డాక్టరు గారు వద్దన్నారు కదమ్మా, కూర్చోవట్లేదు." కూర్చోని మనిషికి ఇబ్బందేముంటుంది? లేదు అని నొక్కేశాను. అంత మంచి మనుషులు, అంత మంచి టెక్నీషియన్ని.

దానికంటే పెద్ద తప్పు ఇంకొకటుంది, అదీ నాదే. తెర మీద పచ్చగీతకి చిప్ప అడ్డం వస్తోందని, ఆరేళ్ళ కిందట, చిప్పని కనబడకుండా చేద్దామని సలహా ఇచ్చింది నేను. ఆ సలహాకి నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఇంట్లో బీరువా పైన ఉంది. తెరలో కనబడలేదు కానీ యంత్రం దగ్గర చిప్పలు భద్రంగానే ఉన్నాయి. ఒక్కొక్కటే వెనక్కి తెప్పించుకుని కొలిచాను. నాలుగు రోజులు పట్టింది. రెండు వందల పన్నెండులో నూట ఎనభై ఏడు చిప్పలు కిందికి దిగి ఉన్నాయి. కొందరికి చిటికెన వేలి గోరంత, కొందరికి బొటనవేలి గోరంత.

ఆ కాగితాలు పట్టుకుని పట్నాయక్ గారి గదికి వెళ్ళాను. ఆయన దుర్మార్గుడు కాదు, అది చెప్పాలి. ప్రతి కాగితం చదివారు. రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"బొడిపెని పైముక్కతో ఉంచేలా కొయ్యొచ్చు, నాకు తెలియక కాదు. కోతని బొడిపె వెనకనుంచి కిందికి తిప్పాలి. నలభై నిమిషాల పని రెండు గంటలవుతుంది. అతుక్కోవడం ఆలస్యం. అలా చేస్తే నాలుగు వేలు కాదు, ఏడాదికి నాలుగు వందలు కూడా చెయ్యలేం. మిగతా వాళ్ళు నొప్పితో కుంటుతూ ఉండాలా? నువ్వే చెప్పు."

నూట ఎనభై ఏడన్న అంకె మీద వేలు పెట్టాను.

"వాళ్ళు కుర్చీల్లో కూర్చుంటారు సత్యవేణీ. లోకమంతా కూర్చోవట్లేదా? చేపల బజారులో చోటు పోతుందని ఆపరేషన్ తప్పంటే ఎలా? బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టకు."

"కనీసం వాళ్ళకి చెబుదాం సార్. చిప్ప దిగుతుంది, కింద కూర్చోలేరు, ఇష్టమైతేనే రండి అని చెబుదాం."

"చెబితే సగం మంది రారు," అన్నారాయన. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయనకే ఎలాగో అనిపించినట్టుంది, కిటికీ వైపు తిరిగారు. "మీ అమ్మ శుక్రవారం నడుస్తుంది. అంతవరకూ ఈ కాగితాలు నా దగ్గరే ఉంటాయి."

జాలరిపేట వెళ్ళి అమ్మతో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆపుమందుకి పట్నాయక్ గారి సంతకం కావాలి. శుక్రవారానికి ఎనభై ఒకటో రోజు. మరో తొమ్మిది రోజులు గడిస్తే ఆవిడ చిప్ప అక్కడే ఉండిపోతుంది, అరుగుతూనే ఉంటుంది. ఏడాదిలోనో రెండేళ్ళలోనో కత్తిపీట ముందు కూర్చోవడం అయిపోతుంది.

"శుక్రవారం నడవనని చెప్పెయ్యనా?" అన్నాను.

"ఎందుకు నడవను? శుభ్రంగా నడుత్తాను." కత్తిపీటకి చింతపండు పెట్టి తోముతోంది. "నువ్వు ఆ గోడమీద బొమ్మకాడ ఉంటావు కదా. చిప్ప కనబడేలా సెయ్యడం నీకొచ్చా?"

"వచ్చు."

"అయితే సాలు."

శుక్రవారం ఉదయం పదింటికి కార్యదర్శి గారు వచ్చారు. చేనేత చీరలో సన్నగా ఉన్న మనిషి, ఎవరు ఏం చెప్పినా వినేలా ఉన్నారు. గోడవారన మెత్తటి కుర్చీల్లో పాత పేషెంట్లు ముప్ఫై మందిని కూర్చోబెట్టాం. అమ్మ బుట్ట పట్టుకుని వచ్చింది. "అదెందుకమ్మా?" అని ఎవరో అడిగితే, "మందులూ మాకులూ" అని చెప్పింది.

నడిచింది. ఈ చివర నుంచి ఆ చివరికి, ఆ చివర నుంచి ఈ చివరికి, చేయి ఊపుకుంటూ నడిచింది. గోడ మీద పచ్చగీత ఆవిడతోపాటు నడిచింది. పట్నాయక్ గారు మొలకచీల గురించి రెండు మాటలు చెప్పారు. కార్యదర్శి గారు అమ్మని అడిగారు, "ఇప్పుడెలా ఉందమ్మా?"

"నడక బాగుంది తల్లీ. ఇప్పుడు కూకుంటాను, అది కూడా సూడండి."

ఎవరో కుర్చీ జరిపారు. అమ్మ ఆ కుర్చీ వంక చూడలేదు. బుట్టలోంచి గోనె తీసి పలకల మీద పరిచింది. కత్తిపీట తీసి పెట్టింది. ఆఖరికి కాగితంలో చుట్టిన కానాగడత ఒకటి తీసింది. హాలంతా చేపల వాసన.

"సత్యవేణీ, తెర ఆపు," అన్నారు పట్నాయక్ గారు.

ఆయన గొంతు పదేళ్ళుగా వింటున్నాను. ఆయన ఆపమంటే ఆపడం, పెట్టమంటే పెట్టడం నా చేతికి అలవాటు. ఆ చెయ్యి తెర ఆపే మీట మీదకే వెళ్ళింది కూడా. అక్కణ్ణించి పక్కకి జరిపి చిప్పల్ని తెర మీదికి తెచ్చాను.

గోడ మీద అమ్మ మోకాలు ఏనుగంత పెద్దదిగా వచ్చింది, చిప్పతో సహా. అమ్మ కిందికి దిగుతోంది. చిప్ప కూడా దిగి, ఎముక అంచుకి ఆనింది, ఇంకా దిగింది, రాసుకుంది. ఎవరికీ వైద్యం తెలియనక్కర్లేదు ఆ బొమ్మ చూడటానికి. అమ్మ మొహం చెమటలు కక్కుతోంది. కూర్చుంది. కానాగడత తల తెగ్గోసి పక్కన పెట్టింది. అప్పుడు గోడవారన కుర్చీల వైపు తిరిగింది.

"ఏటలా కుక్కిన పేనల్లే కూకున్నారు? దిగండి. ఒక్కసారి కింద కూకుని సూడండి."

ఎవరూ కదల్లేదు. డాక్టరు గారు వద్దన్నారు కదా. ఆ వరసలో శేషగిరి మాస్టారని ఒకాయన ఉన్నారు. ముందు ఆయన లేచారు. పంచె సర్దుకుని, నా బల్ల కాలు పట్టుకుని, దిగబోయారు. సగంలోనే ఆగిపోయారు. "అబ్బా" అన్నారు చిన్నగా. తర్వాత ఒకావిడ, ఆ తర్వాత ఇంకొకరు. పలకల మీదికి ఒక్కొక్కరు దిగుతున్నకొద్దీ గోడ మీద చిప్పలు వరసగా వస్తున్నాయి. అన్నీ కిందే ఉన్నాయి. హాలు మూలుగులతో నిండిపోయింది.

"మాస్టారూ, మీరెప్పుడూ చెప్పలేదేం?" అన్నారు పట్నాయక్ గారు.

"ఏడు నెలలుగా కింద కూర్చోలేదు బాబూ. మీరు వద్దన్నారు. ఇబ్బంది ఉందా అంటే లేదన్నాను. కూర్చుంటేగా ఇబ్బంది."

"అమ్మా," అన్నారు పట్నాయక్ గారు, ఓపిక తెచ్చుకుంటూ, "మీ బుర్రకి ఎక్కేలా ఎన్నిసార్లు చెప్పాను, కూర్చోవద్దని?"

"నా బుర్ర మోకాల్లోనే ఉంది బాబూ. అందుకే ముందు దానికి తెలిసింది." అమ్మ కత్తిపీట మీంచి కాలు తియ్యకుండానే అంది. "నానేటి గొప్ప కోరికలు కోరినాను? కూకోవాల. అంతే. నడిపించీసి, కూకోవద్దంటే, ఎక్కడికి నడవాల నాను?"

కార్యదర్శి గారు సంతకం పెట్టకుండానే ఫైలు మూసేశారు. "పట్నాయక్ గారూ, ఈ విషయం మీ కాగితాల్లో ఎక్కడుంది?" అన్నారు. ఆయన గోడ మీది చిప్పల వంక చూశారు. పదకొండేళ్ళు. ఎవరికైనా కష్టమే. తర్వాత వచ్చి, ఆ గోనె పక్కన మోకరిల్లి, అమ్మ చిప్ప మీద బొటనవేలు పెట్టి చూశారు.

"ఎన్నో రోజు?" అన్నారు, నా వైపు చూడకుండానే.

"ఎనభై ఒకటి సార్."

"ఆపుమందు తీసుకురా." నేను కదలబోతుంటే మళ్ళీ అన్నారు. "వద్దన్నా తెర మార్చావు. రేపటి నుంచి డ్యూటీకి రానక్కర్లేదు."

"మంచిది సార్. నాకు వేరే పనుంది," అన్నాను. తర్వాత భయమేసిందేమో కానీ, అప్పుడు మాత్రం వెయ్యలేదు.

వారం తిరక్కుండా అమ్మ పాత చీల తీసేసి, కోత మార్చి, బొడిపె పైముక్కతోనే ఉండేలా కోసి, కొత్త చీల పెట్టారు. రెండు గంటలనుకున్నది మూడున్నర గంటలు పట్టింది. కోసింది పట్నాయక్ గారే. నలభై ఐదు రోజులు కింద కూర్చోవద్దన్నారు. ఈసారి అది నిజంగా అవసరమని నేను కూడా చెప్పాను. అమ్మ నా వైపు తిరిగి, "మరి నా చోటో?" అంది.

నలభై ఐదు రోజులు నేను కూర్చున్నాను. డిప్లొమా, ప్రశంసాపత్రం, పదేళ్ళ సర్వీసు అన్నీ వెంటబెట్టుకుని గోనె మీద కూర్చున్నాను. మొదటి వారంలో మూడు వేళ్ళు కోసుకున్నాను. నా కోత చూసి నూకరత్నం, "ఇది కోతేటే, సేపకి పోస్టుమార్టం సేసినట్టుంది," అని బజారంతా వినబడేలా అంది. పూటయ్యేసరికి మోకాళ్ళు పగిలిపోయేవి. పదిహేడో ప్రశ్న ఎంత పెద్ద ప్రశ్నో నాకు అప్పుడు తెలిసింది. మధ్యాహ్నాలు ఒక గోనె సంకన పెట్టుకుని ఆ నూట ఎనభై ఏడు మంది ఇళ్ళకీ తిరిగాను. నలభై ఒక్క మంది మళ్ళీ ఆసుపత్రికి వస్తామన్నారు. ఎముకైపోయినదాన్ని మళ్ళీ కొయ్యాలి, కష్టమే, అయినా వస్తామన్నారు. మిగతావాళ్ళు, "ఎందుకమ్మా, డాక్టరు గారు కూర్చోవద్దన్నారు కదా, కుర్చీలు కొనుక్కున్నాం," అని టీ ఇచ్చి పంపించారు. వాళ్ళని తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. వాళ్ళ మీద కాదు, వాళ్ళకి అంత బాగా మాట వినడం నేర్పిన మా మీద.

నలభై ఆరో రోజు పొద్దున్న అమ్మ ఆటో దిగింది. తిన్నగా నా ముందుకొచ్చి నిలబడింది.

"లెగు," అంది.

లేచాను. నా భుజం మీద చెయ్యేసి, అంగుళం అంగుళం దిగి, పూర్తిగా కూర్చుంది. నేను చిప్ప మీద వేలు వెయ్యబోతే, "తియ్యే చెయ్యి, కోతకి అడ్డం," అని కొట్టింది. కొట్టేలోపే తెలిసింది నాకు. చిప్ప దాని చోట్లో అది ఉంది.

పది గంటలకి పట్నాయక్ గారు వచ్చారు. ఆయన చేపల బజారులో అడుగుపెట్టడం అదే మొదటిసారి అనుకుంటాను, ప్యాంటు అంచులు పైకి పట్టుకుని నడుస్తున్నారు. చేతిలో కాగితాలున్నాయి. నన్ను చూసి, "సోమవారం నుంచి రా," అని మాత్రం అన్నారు. ఆయన అమ్మ ముందు నిలబడి, కాగితం పైకెత్తి చదివారు.

"ఎల్లాజమ్మ గారూ, నేల మీద కూర్చోవడంలో ఇబ్బంది ఉందా?"

అమ్మ చేప కోస్తూనే ఉంది. తలెత్తలేదు.

"కూకోని అడగండి బాబూ."

ఆయన అటూ ఇటూ చూశారు. బజారంతా చూస్తోంది. నూకరత్నం తన గోనె కొంచెం ఇటు జరిపింది. ఆయన కాగితాలు చంకలో పెట్టుకుని, ఒక చేత్తో అమ్మ బుట్ట పట్టుకుని, ఆగి ఆగి కిందికి దిగారు. పాదాలు పూర్తిగా ఆనలేదు, మునివేళ్ళ మీదే ఊగుతున్నారు. మొహం ఎర్రబడింది.

"ఇప్పుడు చెప్పండమ్మా. ఇబ్బంది ఉందా?"

"కొంచెం ఉంది," అంది అమ్మ. కత్తిపీట మీంచి తలెత్తి ఆయన మోకాళ్ళ వంక చూసింది. "మీకో?"

"చాలా ఉందమ్మా."

"రాసుకోవే," అంది అమ్మ నాతో.